సక్కాఖానా గోడల నుంచి పుట్టిన శిల్పం

1924 జూలై 18, శుక్రవారం. టెహ్రాన్‌లో షేక్ హాదీ పేరుతో ఉన్న ఒక నీళ్ల గూడు ముందు జనం కిక్కిరిసి ఉన్నారు. అక్కడ అద్భుతాలు జరుగుతున్నాయని కొద్ది రోజులుగా ఊరంతా చెప్పుకుంటోంది. అమెరికా వైస్ కాన్సుల్ రాబర్ట్ ఇంబ్రీ కెమెరా పట్టుకుని అక్కడికి వెళ్లాడు. ఫొటోలు తీయవద్దని జనం అడ్డుపడ్డారు. అరుపులు పెరిగాయి, గుంపు మీద పడింది. గాయపడిన ఇంబ్రీని ఆస్పత్రికి చేర్చినా గుంపు అక్కడికీ వచ్చి అతన్ని చంపేసింది. అప్పటి ప్రధాని రజా ఖాన్ నగరంలో సైనిక పాలన విధించాడు. మరుసటి ఏడాది చివరికల్లా ఆయనే ఇరాన్‌కు షా అయ్యాడు.

దౌత్య చరిత్ర రాసేవాళ్లు ఈ హత్యను ఇరాన్, అమెరికా సంబంధాల అధ్యాయంలో చేరుస్తారు. శిల్పకళ గురించి ఆలోచించేవాళ్లు మాత్రం ఆ నీళ్ల గూటినే నిలబడి చూడాలి. ఒక పరాయి మనిషి కెమెరా తన వైపు తిరిగితేనే జనం సహించలేనంత పవిత్రమైన చోటు అది. నలభై ఏళ్లు తిరక్కుండానే అలాంటి గూళ్ల పేరే ఇరాన్ ఆధునిక కళలో ఒక ధోరణికి పేరయింది. వాటికి వేలాడే తాళాలు, వాటి ముందుండే జాలీ, వాటి మీద నిలిపే లోహపు చెయ్యి కంచు శిల్పాల్లోకి చేరి లండన్, న్యూయార్క్ మ్యూజియంల దాకా వెళ్లాయి.

ఆ గూటిని పర్షియన్‌లో సక్కాఖానా అంటారు. మన ఊళ్లలో ఎండాకాలం పెట్టే చలివేంద్రం ఏడాది పొడవునా ఉండి, దానికి దీపాలు పెట్టి మొక్కుకునే ఆచారం కూడా తోడైతే ఎలా ఉంటుందో సక్కాఖానా అలా ఉంటుంది. పాత వీధిలో గోడకు తొలిచిన గూడు, లోపల నీళ్ల తొట్టి, గొలుసుతో కట్టిన ఇత్తడి గిన్నె, ముందు లోహపు జాలీ. దారిన పోయే ఎవరైనా ఆగి దాహం తీర్చుకోవచ్చు.

దాని వెనుక ఉన్నది కర్బలా. క్రీ.శ. 680లో ప్రవక్త మనవడు ఇమామ్ హుసేన్‌ను, ఆయన కుటుంబాన్ని, కొద్దిమంది అనుచరులను శత్రుసేన యూఫ్రటీస్ నీళ్లు అందకుండా చుట్టుముట్టింది. పిల్లలు దాహంతో అల్లాడుతుంటే చూడలేక హుసేన్ తమ్ముడు అబ్బాస్ తోలుతిత్తి తీసుకుని నదికి వెళ్లాడు. నీళ్లు నింపుకుని వస్తుండగా శత్రువులు ఆయన రెండు చేతులూ నరికేశారు. ఆ చిన్న దండుకు జెండా మోసేవాడు కూడా ఆయనే. అందుకే షియాల భక్తిలో నీళ్లు, తెగిన చెయ్యి, జెండా ఒకదాన్ని విడిచి ఒకటి ఉండవు. సక్కాఖానా జాలీ మీద కనిపించే ఐదు వేళ్ల పంజా అబ్బాస్ చెయ్యి. ప్రవక్త, ఫాతిమా, అలీ, హసన్, హుసేన్ అనే ఐదుగురు పవిత్రుల గుర్తు కూడా అదే.

జనం అక్కడ నీళ్లు తాగి ఊరుకోలేదు. కోరిక కోరుకుని జాలీకి గుడ్డపేలిక ముడి వేశారు. కొవ్వొత్తి వెలిగించారు. చిన్న తాళం తెచ్చి బిగించి వెళ్లారు. ఆ తాళం తెరుచుకుంటే కోరిక తీరుతుందని నమ్మారు. తాళాల మీద తాళాలు, ముడుల మీద ముడులు, మసిబారిన గూడు, లోపల ఇమామ్‌ల రంగుల బొమ్మలు. ఏ శిల్పీ గీత గీసి ఇవ్వకపోయినా వీధిలోని ఎన్నో తరాల చేతులు కలిసి ఆ రూపాన్ని పేరుస్తూ వచ్చాయి.

ఇరాన్‌లో అప్పటికి శిల్పం అనగానే ఎవరికీ ఇది గుర్తు రాలేదు. పెర్సెపొలిస్ రాతి గోడల మీద రాజభటులను, కానుకలు మోసుకొచ్చే జనాన్ని చెక్కిన దేశం అది. ఇస్లాం వచ్చాక నిలువెత్తు మనిషి బొమ్మ చెక్కే అలవాటు దాదాపు పోయింది. ఇరవయ్యో శతాబ్దంలో శిల్పం తిరిగి వచ్చినప్పుడు యూరప్ అకాడమీల పద్ధతిలో వచ్చింది. చిత్రకారుడు కమాలుల్ ముల్క్ శిష్యుడు అబుల్ హసన్ సదీకీ చెక్కిన కవి ఫిరదౌసి విగ్రహాలు రోమ్‌లోనూ టెహ్రాన్‌లోనూ నిలబడ్డాయి. అవి ఎంతో నేర్పున్న పనులు. వీధుల్లో ఎక్కువగా నిలిచినవి మాత్రం రాజుల విగ్రహాలు. వాటిని 1953లో కొన్నాళ్లు, 1979లో పూర్తిగా జనం తాళ్లు కట్టి లాగి పడేశారు.

ఈ పరిస్థితిలో శిల్పి కావాలనుకున్న కుర్రవాడు పర్వీజ్ తనావోలీ. 1937లో టెహ్రాన్‌లో పుట్టాడు. 1956లో ఇటలీలోని కరారాకు వెళ్లి పాలరాయి పని నేర్చుకున్నాడు. తర్వాత మిలాన్‌లోని బ్రేరా అకాడమీలో, గుర్రాలనూ రౌతులనూ మలచడంలో పేరుపొందిన మరీనో మరీనీ దగ్గర చదివి 1959లో పట్టా పుచ్చుకున్నాడు. ఇటలీలో ఏ చర్చిలోకి వెళ్లినా, ఏ కూడలిలో నిలబడినా గురువుల గురువుల పని కనిపిస్తుంది. టెహ్రాన్‌కు తిరిగొస్తే వెనక్కి చూడటానికి ఎవరున్నారు?

తనావోలీ ఆ ప్రశ్నకు మొదట కథల్లో జవాబు వెతికాడు. కవి నిజామీ రాసిన ఖుస్రూ, షిరీన్ గాథలో షిరీన్ ప్రేమ కోసం కొండను తొలిచే ఫర్హాద్ ఉన్నాడు. ఇరాన్ సాహిత్యంలో తనకు దొరికిన శిల్పి అతనొక్కడే అని తనావోలీ అతన్ని పూర్వీకుడిగా ఎంచుకున్నాడు. 1960లో టెహ్రాన్‌లో ‘ఆత్లియే కబూద్’ పేరుతో సొంత స్టూడియో తెరిచి ఫర్హాద్ బొమ్మలు చేశాడు. అయితే కావ్యంలోని ఫర్హాద్ ఉలి పట్టడం నేర్పలేడు. చేతికి పని నేర్పగలిగిన పూర్వీకులు దక్షిణ టెహ్రాన్ ఇరుకు సందుల్లో, సుత్తి దెబ్బల మోత మధ్య, కంచరి అంగళ్లలోనూ తాళాల దుకాణాల్లోనూ కూర్చుని ఉన్నారు.

ఇక్కడ మరో పేరు చెప్పాలి. హుస్సేన్ జెందెరూదీ కూడా 1937లోనే పుట్టిన టెహ్రాన్ చిత్రకారుడు. కర్బలా కథను గళ్లుగళ్లుగా, చుట్టూ శోక వాక్యాలతో, కాఫీ హోటళ్లలో వేలాడే తెరల తీరులో లినోకట్‌గా గుడ్డ మీద అచ్చువేసినప్పుడు ఆయనకు ఇరవై రెండేళ్లు కూడా దాటలేదు. ‘ప్రపంచమంతా పిచ్చెక్కిపోయే ఈ హుసేన్ ఎవరు?’ అన్నది దాని పేరు. ఇప్పుడది బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. జెందెరూదీ, తనావోలీ కలిసి టెహ్రాన్‌కు దక్షిణాన రే పట్టణంలోని షా అబ్దుల్ అజీమ్ దర్గాకు వెళ్లారు. యాత్రికులకు అమ్మే చవక రంగుల బొమ్మలు, ప్రార్థన కాగితాలు, తాయెత్తులు, యంత్రాల ముద్రలు కొని తెచ్చుకున్నారు. చదువుకున్న కుటుంబాలు ఇంట్లో పెట్టుకోవడానికి మొహమాటపడే సరుకు అది. ఆ కుర్రవాళ్లు వాటిలోని సూటిదనాన్ని చూశారు. గీత ఎక్కడ ఆగాలో, అంకెలూ అక్షరాలూ ఏ గడిలో కూర్చోవాలో ఆ కాగితాలు తడబాటు లేకుండా తేల్చేస్తాయి.

1962లో టెహ్రాన్ మూడో బియెన్నాలే ప్రదర్శన జరిగింది. అప్పుడే బయటికి వస్తున్న జెందెరూదీ తరహా పనులను చూసిన విమర్శకుడు కరీమ్ ఇమామీకి సక్కాఖానా లోపలి వాతావరణం గుర్తొచ్చింది. 1963 నాటికి ఆ మాటనే ఆయన ఈ ధోరణికి పేరుగా వాడారు. ఫరామర్జ్ పీలారామ్, మన్సూర్ ఖందరీజ్, మసూద్ అరబ్‌షాహీ, నాసిర్ ఒవైసీ, సాదిక్ తబ్రీజీ, జాజే తబాతబాయీ వంటివారంతా ఆ పేరు కిందికి వచ్చారు. ఎవరూ సంఘం పెట్టుకోలేదు, ప్రణాళిక ప్రకటించలేదు. అలా చూస్తే అది కళోద్యమం అనిపించుకోదు కూడా. పేరు మాత్రం నిలిచిపోయింది.

ఆ సమయంలోనే ఎందుకు ఇలా జరిగిందో ఆలోచించాలి. 1930ల్లో రజా షా మొహర్రం ఊరేగింపులను, భక్తి నాటకాలను గట్టిగా అణచాడు. 1941లో ఆయన గద్దె దిగాక అవి మళ్లీ వీధుల్లోకి వచ్చాయి. అంటే తనావోలీ తరం పసితనంలోనే ఆ జెండాలు, పంజాలు, డప్పులు తిరిగి కనిపించడం మొదలైంది. 1950ల్లో టెహ్రాన్‌కు కుళాయి నీళ్లు వచ్చాయి. నీళ్ల అవసరం తీరిన సక్కాఖానాలు ఒక్కొక్కటిగా మూతపడుతున్నాయి. కొత్త ప్లాస్టిక్ సామాను ఇత్తడిని బజారు నుంచి తరుముతోంది. 1962లోనే జలాల్ ఆలె అహ్మద్ ‘ఘర్బ్‌జదగీ’ అనే పుస్తకంలో ఇరాన్‌కు పడమటి పిచ్చి పట్టిందని ధ్వజమెత్తాడు. ఒక వస్తువు వాడుక నుంచి జారిపోతూ, ఇంకా కంటికి కనిపిస్తున్న కాలంలోనే కళాకారుడికి దాని ఆకారం విడిగా తెలుస్తుంది. సక్కాఖానా కళాకారులు సరిగ్గా ఆ కాలంలో పెరిగారు.

తాళం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. తనావోలీని శిల్పిగా నిలబెట్టినది అదే.

ఇరాన్ తాళాలు తలుపుకు బిగించేవి కావు, ఎక్కువగా వేలాడేవి. లోపల విచ్చుకునే లోహపు రెక్కలుంటాయి. తాళంచెవి దూర్చినప్పుడు రెక్కలు దగ్గరికి నొక్కుకుపోయి కొక్కెం బయటికి జారుతుంది. మరో రకంలో చుట్టల స్ప్రింగ్ ఉంటుంది. మరలున్న తాళంచెవిని తిప్పుతూ పోతే స్ప్రింగ్ వెనక్కి లాగబడుతుంది. ఇంత యంత్రాంగాన్ని తాళాలు చేసేవాళ్లు మేక, గుర్రం, సింహం, చేప, పక్షి కడుపుల్లో దాచేవారు. జంతువు వీపు మీదుగా తోక దాకా సాగిన వంపే కొక్కెం అవుతుంది. షహర్‌కుర్ద్ దగ్గరున్న చాలేష్‌తర్ ఊరు ఈ పనికి పేరుపొందింది. అరచేతిలో పట్టే ఈ జంతువులను చూస్తే, మతం కాదన్న బొమ్మ చెక్కే పనిని తాళాలు చేసేవాళ్లు శతాబ్దాల పాటు ఎలా కాపాడుకొచ్చారో తెలుస్తుంది. పని చేసే వస్తువు కాబట్టి దానికి ఎవరూ అడ్డు చెప్పలేదు.

తనావోలీ ఈ తాళాలను వందల కొద్దీ పోగుచేశాడు. 1970ల్లో అమెరికాలోని స్మిత్‌సోనియన్ సంస్థ ఆ సేకరణను ఊరూరా తిప్పి ప్రదర్శించింది. దానితోపాటు 1976లో ఇరాన్ తాళాల మీద పుస్తకం వచ్చింది. ఆ తర్వాత సింహపు బొమ్మల తివాచీల మీద, సంచార తెగల నేతల మీద, తాయెత్తుల మీద, సమాధి రాళ్ల మీద ఆయన పుస్తకాలు రాశాడు. బఖ్తియారీ తెగవాళ్లు తమ వీరుల సమాధుల మీద నిలిపే రాతి సింహాలను కొలిచి, ఫొటోలు తీసి నమోదు చేశాడు. శిల్పిగా ఆయనను మెచ్చుకోని వాళ్లు కూడా ఈ సేకరణ విలువను కాదనలేరు.

ఆయన ‘కవి’ శిల్పాల్లో తాళం మనిషి మొండెమైంది. గుండె ఉండాల్సిన చోట గడులు గడుల జాలీ. తల ఒక్కోసారి పెట్టె, ఒక్కోసారి పక్షి. చేతుల బదులు కుళాయిలు. కవి, ప్రవక్త, ప్రేమికులు అనే పేర్లతో ఇలాంటి కంచు రూపాలు 1960ల నుంచీ వచ్చాయి. 1964 నాటి ‘ప్రవక్త’ న్యూయార్క్ మోమా మ్యూజియంలో ఉంది. ‘కవి, రాజుగారి ప్రేయసి’ లండన్ టేట్ మ్యూజియంలో ఉంది. వాటికి ముఖాలుండవు. అయినా ఎవరో గుమ్మం దగ్గర మనకోసం వేచి ఉన్నట్టు అనిపిస్తుంది. ఇమామ్‌ల సమాధుల చుట్టూ వెండితోనో ఇత్తడితోనో నిలిపే జరీహ్ అనే జాలీని పట్టుకుని కన్నీళ్లు పెట్టుకునే యాత్రికులను మష్హద్‌లోనో కోమ్‌లోనో చూసినవాళ్లకు ఈ అనుభూతి ఎక్కడిదో వెంటనే తెలుస్తుంది. జరీహ్ లోపలున్నదాన్ని కప్పుతుంది, అదే సమయంలో చూపిస్తుంది. వేళ్లు దూరతాయి, మనిషి దూరలేడు. తనావోలీ ఆ దూరాన్నే మనిషి ఒంట్లోకి తెచ్చాడు.

అమెరికాలోని మిన్నెసోటా నుంచి వచ్చిన కళాపోషకురాలు అబీ గ్రే 1961లో టెహ్రాన్‌లో ఆయన పనులు చూసి కొన్నారు. మినియాపొలిస్ కళాశాలకు ఆయనను రప్పించారు. 1964లో తనావోలీ తిరిగొచ్చి టెహ్రాన్ యూనివర్సిటీలో శిల్ప విభాగాన్ని నడిపాడు. ఆమె సాయంతో అక్కడ కంచు పోత పని సాధ్యమైంది. ఆమె సేకరణ తర్వాత న్యూయార్క్ యూనివర్సిటీలో గ్రే గ్యాలరీగా స్థిరపడింది. ఇరాన్ ఆధునిక కళ దేశం బయట అంత చక్కగా దొరికే చోట్లు చాలా తక్కువ.

1965లో టెహ్రాన్‌లోని బోర్గేసె గ్యాలరీలో తనావోలీ పెట్టిన ప్రదర్శన పెద్ద దుమారం రేపింది. ప్లాస్టిక్, నియాన్ దీపాలు, ఇంటి సామాను కలిసిన పనులవి. ఆ రోజుల్లోనే ఆయన పర్షియన్ తివాచీలోకి ఆఫ్తాబాను, అంటే మరుగుదొడ్డికి తీసుకెళ్లే చెంబును, జొప్పించిన పని కూడా చేశాడు. దేశం గర్వంగా చూపే తివాచీ ఒకపక్క, ఎవరూ పైకి చెప్పుకోని చెంబు మరోపక్క. పెద్దమనుషులకు కోపం వచ్చింది, ప్రదర్శన ముందుగానే మూతపడింది. ఆ కాలంలోనే ఆయన ‘హీచ్’ మొదలుపెట్టాడు. ‘ఏమీ లేదు’ అనే అర్థమున్న ఆ మాటలోని మూడు అక్షరాలను నస్తాలీఖ్ లిపి వంపులతో నిలబెట్టి ఒక మనిషిలా మలిచాడు. కుర్చీ మీద కూర్చున్న హీచ్, పంజరంలోని హీచ్, కౌగిలించుకున్న జంట హీచ్‌లు వచ్చాయి. పంజరంలోని హీచ్‌ను బ్రిటిష్ మ్యూజియం తీసుకుంది. ప్రపంచానికి తనావోలీ అంటే ఇప్పుడు హీచే. అయితే కవి శిల్పాల పక్కన పెడితే హీచ్ కాస్త తేలిక. దాని వంపు అందమైనదే, కానీ తాళాల వెనుకున్న వందల ఏళ్ల చేతిపని బరువు అందులో లేదు.

తాళాల నుంచి మొహర్రం ఊరేగింపు వస్తువులకు వస్తే, వాటిలో ఘనమైనది జెండాలా మోసే అలమ్. 1501లో షా ఇస్మాయిల్ షియా మతాన్ని రాజ్య మతంగా ప్రకటించాక సఫావీ కాలంలో దాని రూపం విప్పారింది. నీటిబొట్టులా, ఆకులా, బాదం గింజలా పైకి సాగిన ఉక్కు రేకు. దాని మీద పవిత్ర నామాలను చిల్లులు పొడిచి చెక్కేవారు. వెలుగు పడితే అక్షరాలు ఆకాశం రంగులో కనిపిస్తాయి. రెండు పక్కలా డ్రాగన్ తలలు. 1618లో ఇస్ఫహాన్‌లో మొహర్రం చూసిన ఇటలీ యాత్రికుడు పియెత్రో దెల్లా వల్లే ఆ ఊరేగింపులను వివరంగా రాశాడు. కాలం గడిచేకొద్దీ అలమ్ అడ్డంగా పెరిగింది. అలామత్ అని పిలిచే ఇప్పటి టెహ్రాన్ అలమ్‌కు పొడవాటి అడ్డపట్టీ, దాని మీద వరుసగా ఉక్కు రేకులు, వాటి కొసలకు ఈకల కుచ్చులు, మధ్యలో నెమళ్లు, జింకలు, పావురాలు, సింహాలు ఉంటాయి. వంద కిలోలు దాటినవి ఉన్నాయి. ఒకే మనిషి నడుముకు తోలుపట్టీ కట్టుకుని ఆ బరువంతా మోస్తాడు. ఇంకో అలామత్ ఎదురైతే వంచి నమస్కారం చేయిస్తాడు. ఉక్కు రేకు వంగి లేచే ఆ క్షణంలో శిల్పం కదులుతుంది. గ్యాలరీలో పీఠం మీద పెట్టిన ఏ శిల్పానికీ ఈ అదృష్టం లేదు.

యజ్ద్‌లో అమీర్ చఖ్మాఖ్ కూడలిలో నిలబడే చెక్క నఖ్ల్ ఇంకా పెద్దది. ఆకు ఆకారంలో ఇంటికన్నా ఎత్తుగా ఉండే ఆ చట్రానికి నల్ల గుడ్డ చుట్టి, అద్దాలు కట్టి, హుసేన్ పాడెగా భావించి పదుల మంది కలిసి ఎత్తే ఆచారం ఆ ప్రాంతంలో ఉంది.

అద్దాల దారిలో శిల్పానికి చేరినవారు కళాకారిణి మొనీర్ ఫర్మాన్‌ఫర్మాయాన్. షిరాజ్‌లో షా చెరాఘ్ దర్గా లోపలి గోడలు, పైకప్పు చిన్నచిన్న అద్దపు ముక్కలతో నిండి ఉంటాయి. అక్కడికి వచ్చిన జనం ఏడుపు, కొవ్వొత్తుల వెలుగు వేల ముక్కల్లో ప్రతిఫలించడం చూసి ఆమె కదిలిపోయారు. హాజీ ఉస్తాద్ మహమ్మద్ నవీద్ అనే అద్దాల పనివాడితో కలిసి షడ్భుజాలు, నక్షత్రాలు, గోళాలు చేయించారు. 1979 విప్లవం తర్వాత ఆమె చాలా ఏళ్లు న్యూయార్క్‌లో ఉండిపోయి 2004లో టెహ్రాన్ తిరిగొచ్చి మళ్లీ పనివాళ్లను కూడగట్టుకున్నారు. 2015లో గుగెన్‌హైమ్ మ్యూజియంలో ఆమె ప్రదర్శన జరిగింది. 2017లో టెహ్రాన్‌లో ఆమె పేరిట మ్యూజియం తెరిచారు. 2019లో ఆమె కన్నుమూశారు. ఆమె గురించి రాసేవాళ్లు ఆ ఉస్తాద్ పేరు కూడా చెబుతారు. ఇది చిన్న విషయం కాదు.

జాజే తబాతబాయీ కార్ల విడిభాగాలు, స్ప్రింగులు, బోల్టులు అతికి సింహాలనూ గుర్రాలనూ సూర్యముఖం గల స్త్రీలనూ చేశాడు. తాయెత్తుల మీది బొమ్మలే అవి, ఈసారి మెకానిక్ షెడ్డు నుంచి నడిచొచ్చాయి.

1977లో టెహ్రాన్ సమకాలీన కళల మ్యూజియం తెరుచుకుంది. రాణి ఫరా ప్రోత్సాహంతో, కమ్రాన్ దీబా రూపకల్పనలో కట్టినది. సక్కాఖానా పేరుతో అక్కడ అదే ఏడాది ప్రదర్శన జరిగింది. వీధి భక్తి రాజుగారి మ్యూజియంలోకి రావడం కొందరికి మింగుడుపడలేదు. పేదల నమ్మకాన్ని అలంకారం చేశారన్న విమర్శ అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. అందులో కొంత నిజం ఉంది. రాను రాను యంత్రాల గడులు, అక్షరాల వంపులు హోటల్ గోడలకు నప్పే నమూనాలైపోయాయి. కానీ తనావోలీ తాళాలకు ఆ నింద అంటదు. తాను తీసుకున్నది ఎవరి దగ్గర నుంచో ఆయన పుస్తకం తర్వాత పుస్తకంగా చూపించాడు.

రెండేళ్లలో విప్లవం వచ్చింది, ఆ వెంటే ఇరాక్‌తో ఎనిమిదేళ్ల యుద్ధం. వీధుల్లో కొత్తగా ఎక్కువైన వస్తువు హజ్లా. పెళ్లి కాకుండా చనిపోయిన యువకుడి కోసం అద్దాలు, దీపాలు, పూలు, ఫొటోతో వీధి మొగలో నిలిపే గోపురం అది. పెళ్లి గది గుర్తుగా పెడతారు. యుద్ధకాలంలో అవి వీధికొకటి వెలిశాయి. చనిపోయిన సైనికుల రక్తం నుంచి తులిప్ పూలు మొలుస్తాయన్న మాట గోడల మీద నినాదమైంది. ఆ నినాదం వింటూ పెరిగిన మహమూద్ బఖ్షీ 2008లో రేకు, నియాన్ దీపాలు, మోటారుతో తిరిగే తులిప్‌లు చేశాడు. మరుసటి ఏడాది లండన్ సాచీ గ్యాలరీలో అవి వెలిగాయి. షాపూర్ పూయాన్ పాత యోధుల ఉక్కు శిరస్త్రాణాలు, గొలుసు కవచాల పనితనంతో క్షిపణుల్లాంటి రూపాలు చేశాడు. భక్తి వస్తువు వీళ్ల చేతికి వచ్చేసరికి దాని చుట్టూ చావు, రాజ్యం కూడా చేరాయి. తనావోలీ తరం దాన్ని ప్రేమతో చూసింది, వీళ్లు భయంతోనూ చూశారు.

తనావోలీ 1989లో కెనడాలోని వాంకూవర్‌కు మారాడు, టెహ్రాన్‌తో బంధం తెంచుకోలేదు. 2008 ఏప్రిల్‌లో దుబాయ్ క్రిస్టీస్ వేలంలో ఆయన 1975 నాటి కంచు ‘గోడ (ఓ పెర్సెపొలిస్)’ 28 లక్షల డాలర్లకు పైగా పలికింది. మధ్యప్రాచ్య కళాకారుడి పనికి అప్పటికి అదే పెద్ద ధర. మనిషెత్తు దాటిన ఆ పలక నిండా క్యూనిఫాం లిపిని తలపించే గుర్తులు కిక్కిరిసి ఉంటాయి. చదవబోతే ఒక్క అక్షరమూ చదవడానికి రాదు. సక్కాఖానా గోడ నిండా వేలాడే మొక్కులు కూడా అంతే, ఎవరి కోరిక ఏదో ఎవరికీ తెలియదు. 2017లో టెహ్రాన్ మ్యూజియంలో ఆయన సింహాలు, 2023లో వాంకూవర్‌లో కవులు, తాళాలు, పంజరాలు ప్రదర్శనకు వచ్చాయి.

ఇరాన్ మొహర్రం ఊరేగింపుల్లోని అలమ్‌లకు తెలుగు నేల మీద దగ్గరి చుట్టాలున్నారు. గోల్కొండను ఏలిన కుతుబ్ షాహీల మూలపురుషుడు సుల్తాన్ కులీ ఇరాన్‌లోని హమదాన్ ప్రాంతం నుంచి వచ్చినవాడు. 1591లో హైదరాబాద్ నిర్మాణం మొదలైనప్పుడు పీష్వాగా, అంటే ప్రధానిగా, ఉన్న మీర్ మోమిన్ అస్త్రాబాదీ కూడా ఇరానీయే. చార్మినార్ వెలిసిన కొద్ది ఏళ్లకే మహమ్మద్ కులీ కుతుబ్ షా బాద్‌షాహీ అషుర్‌ఖానా కట్టించాడు. అక్కడ గోడల మీది రంగు పలకల్లో అలమ్ ఆకారాలే మెరుస్తాయి. 1687లో గోల్కొండ మొగలుల చేతికి పోయాక ఆ కట్టడం పాడుబడింది. నిజాం కాలంలో బాగుచేశారు. 1908 మూసీ వరదలో కింది పలకలు దెబ్బతిన్నాయి. అయినా ఏటా మొహర్రంలో అక్కడ అలమ్‌లు నిలుపుతున్నారు. అషురా రోజున నగర వీధుల్లో బీబీ కా అలమ్ ఏనుగు మీద ఊరేగుతుంది.

నగరం దాటితే అదే అలమ్ పీరు అవుతుంది. తెలంగాణ, రాయలసీమ పల్లెల్లో పీర్ల చావిడి ముందు గుండం తవ్వి, పీర్లకు దట్టీలు కట్టి, మలీద పంచేవాళ్లలో హిందువులు ఎక్కువగా ఉండే ఊళ్లు ఎన్నో. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్లాయప్ప పేరిట జరిగే పండుగ గురించి కవి, పరిశోధకుడు అఫ్సర్ 2013లో ఇంగ్లీషులో పూర్తి పుస్తకమే రాశారు. ఆ ఆచారాల గురించి, పాటల గురించి మన దగ్గర రాతలు ఉన్నాయి. పీరు అనే లోహపు వస్తువు గురించి, దాని ఆకారం గురించి, దాన్ని చేసిన చేతి గురించి ఉన్నవి చాలా కొద్ది. ఇరాన్‌లో ఒక శిల్పి తాళాలను వందల కొద్దీ సేకరించి, కొలిచి, పుస్తకాలుగా వేయబట్టే ఆ పని శిల్పమని లోకం ఒప్పుకుంది. మన పీర్లకు అలాంటి నమోదు ఇంకా రావాల్సి ఉంది.

వచ్చే పీర్ల పండుగకు ఊరు వెళ్లేవాళ్లు చావిడి పెద్దల దగ్గర కాసేపు కూర్చోండి. ఏ పీరు ఏ లోహంతో చేసినదో, ఎప్పటిదో, పాతది అరిగితే ఎవరి చేత మళ్లీ చేయించారో అడగండి. కంసాలి అయినా కంచరి అయినా ఆ మనిషి పేరు ఎవరికైనా గుర్తుంటే తప్పకుండా రాసి పెట్టండి.